ఎదురుచూపును సేవాకాలంలో చేర్పించిన బెంచీ సారు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం జూన్ నెల పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం, మన పురపాలక సంఘ కార్యాలయపు జనన మరణాల నమోదు విభాగంలో కనిష్ఠ సహాయకులుగా ప్రవేశించిన ఒక బక్కపలుచని యువకుడు, ఆనాటి నుంచి ఈనాటి వరకు ఇదే భవనంలో, ఇవే మెట్లెక్కి దిగుతూ, జుట్టు నెరిసినా నడక మాత్రం మారకుండా, ఈ నెలాఖరున పింఛను విభాగ పర్యవేక్షకులుగా పదవీ విరమణ చేయనున్నారు. వారి సేవలను స్మరించుకుంటూ వెలువడుతున్న ఈ అభినందన సంచికలో నాలుగు మాటలు రాసే అవకాశం లభించడం నా అదృష్టంగా భావిస్తున్నాను.

కార్యాలయ దస్త్రాల్లో ఆయనకొక పేరూ, ఉద్యోగ సంఖ్యా ఉన్నాయి. అయితే ఆ పేరుతో ఆయనను పిలిచేవారు ఈ ఊళ్ళో ఆయన అక్కగారొక్కరే. మిగిలిన అందరికీ, కమిషనరు గారి దగ్గర నుంచి కాపలాదారు వరకు, ఆయన బెంచీ సారు. చాలా ఏళ్ళు ఆయన పక్క బల్ల దగ్గర పనిచేశాను కనుక నాకు అన్నీ తెలిసివుంటాయన్న నమ్మకంతో సంపాదకవర్గం ఈ వ్యాసాన్ని నాకు అప్పగించింది. నిజానికి ఆయన తన బల్ల దగ్గర కూర్చున్న సందర్భాలు బహు స్వల్పం. నేను చూసినదంతా ఖాళీ కుర్చీనే. కాస్త గంభీరంగా రాయమని సంపాదకులు ప్రత్యేకంగా హెచ్చరించారు. నా శాయశక్తులా ప్రయత్నిస్తాను.

జనన మరణాల విభాగంలో ఆయన పని తీరును అప్పటి సహోద్యోగులు నేటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. బిడ్డ పేరు నమోదు చేయించడానికి వచ్చిన తల్లిదండ్రులకు ఆయన వెంటనే పత్రం రాసిచ్చి పంపేవారు కారు. ముందు ఆ పేరుతో బిడ్డను ఒకసారి పిలవమనేవారు. దగ్గర నుంచి పిలిస్తే చాలదు, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి గట్టిగా పిలవాలి, ఎందుకంటే రేపు వీధిలో ఆడుకునే పిల్లను ఇంట్లోకి రప్పించవలసింది ఆ పిలుపే అని ఆయన వాదన. అలా పిలిచి చూసి, నోరు తిరగక, అక్కడికక్కడే పేరు మార్చుకున్న దంపతులు కూడా ఉన్నారట. వెనకాల వరుస చాంతాడంత పెరిగేది. అదే గదిలో రెండవ కిటికీ వద్దకు, ఇంట్లో మనిషిని పోగొట్టుకుని వచ్చినవారిని మాత్రం ఆయన ఒక్క ప్రశ్నా అడగకుండా, లేచి నిలబడి, కాగితాలన్నీ తానే నింపి, సంతకం చేయవలసిన చోట వేలు పెట్టి చూపించేవారు. మాట ఎక్కడ కావాలో, మౌనం ఎక్కడ కావాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు.

తదుపరి పన్నుల విభాగానికి పదోన్నతిపై వెళ్ళిన ఆయన అక్కడ ఎక్కువ కాలం నిలవలేకపోయారు. ఏ ఇంటికి ఏ మినహాయింపు వర్తిస్తుందో, వచ్చినవారు అడగకముందే వివరించి పంపడం ఆ విభాగాధికారికి మింగుడుపడలేదు. వసూలు చేయమని కూర్చోబెడితే తప్పించుకునే మార్గాలు చెబుతున్నాడని ఫిర్యాదు పైకి వెళ్ళింది; పర్యవసానంగా ఆయనను పింఛను విభాగానికి పంపారు. కారిడారు చిట్టచివర, మెట్ల కింద, పగలు కూడా దీపం వేసుకుంటే తప్ప అక్షరం కనిపించని ఆ గదికి బదిలీ అంటే అప్పట్లో మూలన పడేయడమే. ఆయన మాత్రం అన్నం డబ్బా, గొడుగు పట్టుకుని, పుట్టింటికి వచ్చినంత సంబరంగా వచ్చారు. ఆ గదిలో అప్పటికే ఉన్న నేను ఆ సంబరం చూసి, పాపం, ఈయనకు సంగతి తెలియదు కాబోలనుకున్నాను.

ఆ కాలంలోనే వారి వివాహం జరిగింది. మేమంతా వదినగారు అని పిలుచుకునే ఆయన సతీమణి గురించి ఇక్కడ ఒక్క విషయం మనవి చేయాలి. కాపురం పెట్టిన కొత్తలోనే బెంచీ సారు ఇంటి తాళంచెవి పోగొట్టారు. రెండవది చేయించి ఇస్తే, దాన్ని ఏ దస్త్రంలోనో పెట్టి కట్ట కట్టేశారు. మూడవది వదినగారు ఆయన చేతికివ్వలేదు. నాటి నుంచి ఆయన సాయంత్రం ఇంటికి చేరేసరికి తలుపు తీయడానికి ఆవిడ ఇంట్లో ఉండవలసిందే. ఇంటి తాళంచెవికీ, పురపాలక ఉద్యోగుల పింఛనుకూ సంబంధమేమిటని పాఠకులు అడగవచ్చు. చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి.

పింఛను విభాగానికి వచ్చినవారు ఎత్తైన చెక్క అడ్డుకు అవతల నిలబడి మాట్లాడాలి, ఉద్యోగి ఇవతల కూర్చుని వినాలి. అదే అక్కడి పద్ధతి. ఆయన చేరిన తొలి వారంలో, రోడ్డు రోలరు నడిపి నడిపి వినికిడి తగ్గిపోయిన ఒక విశ్రాంత డ్రైవరు వచ్చారు. ఇవతల నుంచి ఈయన అరవడం, అవతల నుంచి ఆయన చెయ్యి చెవికి ఆనించడం, మధ్యలో కారిడారంతా ఆ పెద్దాయన ఇంటి సంగతులు వినేయడం జరిగింది. ఉన్నట్టుండి బెంచీ సారు కలం మూసి, అడ్డు దాటి బయటికి వెళ్ళి, కారిడారులోని పాత చెక్క బెంచీ మీద ఆయన పక్కన కూర్చుని, చెవిలో మెల్లగా మాట్లాడారు. పని అయిపోయింది. మరునాడు వచ్చినావిడకు చెవులు బాగానే ఉన్నాయి గానీ మోకాళ్ళు బాగాలేవు; ఆవిడ కోసమూ వెళ్ళి కూర్చున్నారు. ఆ తరువాత కారణం వెతకడం మానేశారు. ఆయన బెంచీ మీద కూర్చుంటే ఆయనకు కావలసిన దస్త్రాలను లోపలి నుంచి బయటికీ, బయటి నుంచి లోపలికీ మోసింది ఎవరో నేను వేరే చెప్పనక్కరలేదు. ఈ సందర్భంగా నా నడుము నొప్పిని కూడా ఈ సంచిక ముఖంగా నమోదు చేయిస్తున్నాను.

ఈ అలవాటు ఒకసారి ఆయన కొంప ముంచినంత పని చేసింది. కొత్తగా వచ్చిన కమిషనరు గారు ఎవరికీ చెప్పకుండా విభాగాలు తిరిగి చూస్తూ మా కారిడారుకు వచ్చారు. ఆయనకు చిన్న వయసులోనే జుట్టు పూర్తిగా తెల్లబడింది. బెంచీ మీద ఉన్న మన సారు ఆ తెల్లజుట్టును చూసి, జరిగి చోటిచ్చి, కూర్చోబెట్టి, ఏ శాఖలో చేశారు, రిటైరై ఎన్నాళ్ళయిందని ఆప్యాయంగా అడిగారు. కమిషనరు గారు ఒక్క క్షణం ఆలోచించి, ఇంకా పదేళ్ళ పైనే ఉందండీ అన్నారు. అయితే మరీ తొందరపడి వచ్చారండీ అన్నారు మన సారు. లోపల తలుపు చాటున నిలబడిన నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. కమిషనరు గారు మాత్రం ఆ బెంచీ మీద చాలాసేపు కూర్చున్నారు. లేచి వెళ్ళేటప్పుడు, కారిడారులో గాలి ఆడటం లేదని గమనించి, మరుసటి వారమే అక్కడ పంకా వేయించారు. పింఛను విభాగమనేది ఒకటి ఉందని పై అంతస్తుకు తెలిసింది ఆ రోజునే.

ఇక, ఆయన ఉద్యోగ జీవితానికి మకుటాయమానమైన ఘట్టానికి వస్తాను. స్థానిక సంస్థల ఉద్యోగులకు ప్రభుత్వ పింఛను అర్హతను విస్తరిస్తూ కొత్త చట్టం అమలులోకి వచ్చింది. అంతవరకు శాశ్వత ఉద్యోగులకు మాత్రమే ఉన్న హక్కు, సంస్థ సొంత నిధుల నుంచి జీతం పొందే ఇతర సిబ్బందికీ లభించింది. అయితే ఒక నియమం ఉంది: వారు పూర్తిదినం పనిచేసేవారై ఉండాలి. పూర్తిదినమంటే ఏమిటో నిర్ణయించే బాధ్యతను చట్టం ఆయా సంస్థల ఆర్థిక సంఘాలకు విడిచిపెట్టింది. మరొక మెలిక కూడా పెట్టింది. ఆ సంవత్సరం ముగిసేలోగా సంఘం తీర్మానం చేయాలి, తీర్మానం నాటికి ఉద్యోగంలో ఉన్నవారికే అది వర్తిస్తుంది.

మన ఊళ్ళో దిగువ వీధులకు నీళ్ళు వదిలే వాల్వు ఆపరేటరును ఎరగని వారు లేరు. పెద్దలూ పిల్లలూ అందరూ ఆయనను బాబాయి అంటారు, ఆయన భార్యను పిన్ని అంటారు. వీధి మలుపులోని చిన్న నీళ్ళ గదిలో వాల్వు చక్రాన్ని ఉదయం రెండు గంటలూ, సాయంత్రం రెండు గంటలూ చూసుకోవడం బాబాయి ఉద్యోగం. కాగితం మీద అది నాలుగు గంటల పని, పూర్తిదినం కాదు. ఆ సంవత్సరాంతానికే బాబాయి వయోపరిమితి నిండుతోంది. తీర్మానంలోకి ఆయన రాకపోతే ఇక ఎన్నటికీ రారు. జీవితమంతా ఊరికి నీళ్ళిచ్చిన దంపతులు వృద్ధాప్యంలో ఒకరి దయ మీద బతకవలసి వస్తుంది. బాబాయి వచ్చి బెంచీ మీద కూర్చుని, తనకు వస్తుందా రాదా అని కూడా అడగలేదు. చట్టం వచ్చిందట కదా, మంచిదే, ఎవరికొచ్చినా మనవాళ్ళే అని వెళ్ళిపోయారు. ఆ మాటతో బెంచీ సారుకు అన్నం సహించలేదు.

ఒక రోజు ఆయన సెలవు పెట్టి, ఆ నాలుగు గంటలు కాక మిగిలిన సమయంలో బాబాయి ఏం చేస్తారో చూద్దామని, పొద్దున్నే వెళ్ళి నీళ్ళ గది ముందున్న అరుగు మీద కూర్చున్నారు. బాబాయి ఏమీ చేయలేదు. అరుగు మీద ఈయన పక్కనే కూర్చున్నారు. మధ్యలో ఆసుపత్రి నుంచి మనిషి వచ్చి తొట్టి అడుగంటిందని చెబితే లేచి కాసేపు నీళ్ళు వదిలారు. బండి తగిలి కుళాయి విరిగితే పరుగున వెళ్ళి కట్టేశారు. పక్క ఊరి బంధువులెవరో శుభకార్యానికి పిలవడానికి వస్తే, మా ఆవిడ వస్తుందిలే అన్నారు. మధ్యాహ్నం కునుకు తీసినా గది తలుపుకు వీపు ఆనించే తీశారు. వచ్చిన పని తక్కువే. కానీ ఎప్పుడు వస్తుందో తెలియదు కనుక, ఆయన ఊరు దాటి వెళ్ళిన రోజు లేదు. అన్నం తీసుకొచ్చిన పిన్ని, వచ్చిన పెద్దమనిషికి ఇంటి సంగతులు చెబుతూ, కూతురి పెళ్ళి ఫొటో ప్రస్తావన తెచ్చింది.

"అందరం ఉన్నాం సారూ అందులో. ఈయనొక్కరే లేరు. సరిగ్గా ఫొటో తీసే టైముకి నీళ్ళు వదలాలని వచ్చేశారు. అల్లుడి వైపు వాళ్ళు పెళ్ళికూతురి తండ్రి ఏడీ అని ఇప్పటికీ అడుగుతారు."

బాబాయి నవ్వారట. అప్పట్లో ఇంకో మనిషిని పంపమని అడిగాను సారూ, లేరన్నారు అని మాత్రం అన్నారట.

ఆ సాయంత్రం బెంచీ సారు ఇంటికి వెళ్ళేసరికి ఎప్పటిలాగే ఆలస్యమైంది. ఎప్పటిలాగే తలుపు తట్టారు. ఎప్పటిలాగే వదినగారు తీశారు. భోజనం దగ్గర ఆయన, నాలుగు గంటల పనిని పూర్తిదినం అనిపించడానికి నిబంధనల్లో దారి దొరకడం లేదని, మిగతా సమయమంతా ఆ మనిషి కూర్చునే ఉంటాడని, కూర్చోవడాన్ని పని అని ఎలా రాయాలో తోచడం లేదని వాపోయారు. వదినగారు వడ్డించడం ఆపి, ఆయన ఎదురుగా కూర్చున్నారు. ఆ సంభాషణను ఆయన మాకు ఎన్నిసార్లు చెప్పారంటే, నాకు కంఠతా వచ్చేసింది.

"మీరు ఆరింటికి వస్తానంటారు, ఎనిమిదింటికి వస్తారు. ఆ రెండు గంటలూ నేనేం చేస్తున్నాననుకుంటున్నారు?"

"ఏం చేస్తావు? వంట అప్పటికే అయిపోతుందిగా."

"అయిపోతుంది. పనేం ఉండదు. కానీ ఇల్లు వదిలి వెళ్ళగలనా? మీ దగ్గర తాళంచెవి ఉండదాయె. పెళ్ళయినప్పటి నుంచీ ఆ టైముకి నేను మా చెల్లెలింటికి కూడా వెళ్ళలేదు. ఏ పనీ చేయలేదు కాబట్టి ఆ గంటలు నావే అంటారా?"

ఆయన చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయిందట. తప్పయిపోయింది అన్నారట. తప్పొప్పులు తర్వాత, ముందు అన్నం తినండి, రేపు ఇదే మీ కమిటీలో చెప్పండి అన్నారట వదినగారు.

ఆర్థిక సంఘం అధ్యక్షురాలు ఊళ్ళో పేరున్న బట్టల కొట్టు యజమానురాలు. బేరంలోనూ, సంఘం ఖర్చులోనూ గట్టి మనిషి. ఆవిడ చేత తల ఊపించడం అంత తేలిక కాదని అందరికీ తెలుసు. కమిషనరు గారి చొరవ వల్ల అంశం చర్చకు వచ్చింది. వెనక కుర్చీలో దస్త్రాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నాకు ఆనాటి సమావేశం కళ్ళకు కట్టినట్టుంది. బెంచీ సారు చట్టంలోని విభాగాలను, ఇతర సంస్థల ఉదాహరణలను క్రమబద్ధంగా వివరించారు. సభ్యులు మర్యాదగా విన్నారు, మర్యాదగానే తోసిపుచ్చారు. కూర్చున్నందుకు పింఛనిస్తే ఊళ్ళో సగం మందికి ఇవ్వాలి అని ఒకరు చమత్కరిస్తే మిగిలినవారు నవ్వారు. అధ్యక్షురాలు తదుపరి అంశానికి వెళ్దామని కాగితం తిప్పారు. బాబాయి ఆశ ఆ కాగితంతో పాటే తిరగబడినట్టు నాకనిపించింది.

బెంచీ సారు దస్త్రం మూశారు.

"నేను రాసుకొచ్చింది అయిపోయిందండీ. ఇంకొక్క మాట ఉంది. అది నాది కాదు, మా ఆవిడది."

తాళంచెవులు పోగొట్టిన వైనంతో సహా, పూసగుచ్చినట్టు అంతా చెప్పేశారు. ముందు రెండు నవ్వులు వినిపించాయి. తరువాత వినిపించలేదు. సభ్యుల్లో ఇద్దరు ముగ్గురు తమ ఇళ్ళను తలచుకుంటున్నట్టు కిటికీ వైపు చూశారు. అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ఎవరినీ ఉద్దేశించకుండా అన్నారు.

"మా కొట్లో పొద్దున్నుంచీ సాయంత్రం దాకా కూర్చుంటాను. కొన్నిసార్లు మధ్యాహ్నమంతా ఒక్క మనిషీ రాడు. మరి ఆ గంటలు నేను కొట్లో లేనట్టా?"

ఆవిడ గుమాస్తా వైపు తిరిగి, రాసుకోమన్నారు. ఆనాడు ఆవిడ చెప్పగా, బెంచీ సారు సరిచేయగా, ఏకగ్రీవంగా ఆమోదం పొందిన వాక్యం ఇది: విధి నిర్వహణ నిమిత్తం మరొక చోటికి వెళ్ళే వీలులేక, ఉద్యోగి ఎదురుచూస్తూ గడిపిన కాలమంతయు సేవాకాలముగానే పరిగణింపబడును. ఆ ఒక్క వాక్యంతో వాల్వు ఆపరేటర్లు, శిశు సంరక్షణ కేంద్రాల ఆయాలు, శ్మశానవాటిక కాపలాదారులు, వంతెన గేటు మనుషులు, అగ్నిమాపక బండి పక్కన రోజులు వెళ్ళదీసే సహాయకులు, ఎంతోమంది అర్హత పొందారు. ఇప్పుడు చుట్టుపక్కల సంస్థలు కూడా ఈ వాక్యాన్నే ఎత్తి రాసుకుంటున్నాయని విని, మా విభాగం గర్వంతో ఉబ్బితబ్బిబ్బవుతోంది. ఇంటికి వెళ్ళి శుభవార్త చెబితే వదినగారు సంతోషించి, తాళంచెవి సంగతి కూడా చెప్పారా అని అడిగారట. చెప్పానన్నారట. అంతమంది ముందా అని, ఆ పూటకు మాట్లాడటం మానేశారట.

పింఛను పత్రాలకు దంపతుల ఫొటో జతచేయాలి. బాబాయి నీళ్ళ గది వదిలి స్టూడియోకు రాలేరు కనుక, బెంచీ సారు స్టూడియో ఆయననే నీళ్ళ గదికి తీసుకెళ్ళారు. పిన్ని తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని వచ్చింది. చక్రం మీద నుంచి చెయ్యి తీసి నిటారుగా నిలబడమంటే, చివరి వీధికి ఇంకా నీళ్ళు అందలేదు, అందాక తీయనన్నారు బాబాయి. ఆ ఫొటోలో ఆయన ఒక చెయ్యి చక్రం మీదా, ఒక చెయ్యి భార్య భుజం మీదా ఉంటాయి. నిబంధనల ప్రకారం అది చెల్లదు. చెల్లుతుందని బెంచీ సారు రాశారు, కమిషనరు గారు సంతకం చేశారు.

మంజూరు ఉత్తర్వును కూడా ఆయన ఆ అరుగు మీదికే తీసుకెళ్ళి, పక్కన కూర్చుని, మెల్లగా చదివి వినిపించారు. నేనూ వెంట ఉన్నాను. బాబాయి అంతా విని, ఒకే ఒక్క మాట అడిగారు.

"అయితే సారూ, నేను ఊరికే కూర్చున్నది కూడా రాశారా?"

"రాశాం బాబాయ్. అంతా రాశాం."

బాబాయి తువాలుతో ముఖం తుడుచుకున్నారు. బెంచీ సారు వీధి వైపు చూస్తూ కూర్చున్నారు. నేను మాత్రం ఏడ్చేశాను. గంభీరంగా రాయమన్న సంపాదకులు క్షమించాలి.

తదనంతర కాలంలో ఆయన పర్యవేక్షకులయ్యారు. అడ్డుకు ఇవతల ఆయనకు పెద్ద కుర్చీ వచ్చింది, దాని మీద దుమ్మూ వచ్చింది. తన కింద పనిచేసే వారిని పల్లెత్తు మాట అనలేదు. తొందరపాటులో నేను ఎవరిమీదనైనా విసుక్కుంటే, వారు వెళ్ళిన తరువాత, వాళ్ళు ఎంత దూరం నుంచి వచ్చారో అడిగావా అమ్మా అని మాత్రమే అనేవారు. అడిగేదాన్ని కాదు. ఇప్పుడు అడుగుతున్నాను. వచ్చే నెల నుంచి ఆ విభాగాన్ని నేను చూడవలసి ఉంది. ఆయన లేని కారిడారును తలచుకుంటే నాకు బెంగగా ఉంది. దాచుకోవలసిన పనేమీ లేదు కనుక చెబుతున్నాను.

వీడ్కోలు కానుకగా ఏమివ్వాలన్న చర్చ మా విభాగంలో నానా రకాలుగా సాగింది. గోడ గడియారమన్నవారిని, ఆయన ఎన్నడైనా గడియారం చూశారా అని అడిగి కూర్చోబెట్టాం. తేలక, వదినగారికే ఫోను చేశాను. ఆవిడ నవ్వి, వస్తువులేమీ వద్దని, తన దగ్గర ఒక శుభవార్త ఉందని చెప్పారు. పురపాలక సంఘం ఈత కొలనులో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు స్త్రీలకు ఈత నేర్పుతారు. చిన్నప్పటి నుంచి నేర్చుకోవాలని ఉన్నా ఆ వేళకు ఇల్లు కదిలే వీలులేక ఊరుకున్న ఆవిడ, ఒకటో తేదీ నుంచి చేరడానికి పేరు రాయించుకున్నారు. మరి తాళంచెవి ఒకటి సారుకివ్వండి వదినగారూ, ఆయన ఎక్కడికైనా వెళ్ళాలంటే అన్నాను.

"ఉన్నది ఒక్కటే తాళంచెవి అమ్మా. ఇద్దామంటే ఆయన పోగొడతారు. నేను పట్టుకెళ్తే నీళ్ళలో పడిపోతుంది. అందుకని అది ఇంట్లోనే ఉంటుంది, ఆయనా ఇంట్లోనే ఉంటారు."

ఆ మాటతో మా కానుక తేలిపోయింది. కారిడారులోని బెంచీకి సరిగ్గా జోడీగా, అదే ఎత్తులో, ఇద్దరు పక్కపక్కన కూర్చునే వెడల్పుతో, కార్యాలయ వడ్రంగి ఒక బెంచీ చేశాడు. కూలి తీసుకోనన్నాడు, వాళ్ళమ్మ శిశు సంరక్షణ కేంద్రంలో ఆయా. ముప్పయ్యో తేదీ సభ ముగిశాక దాన్ని మేమే మోసుకెళ్ళి వారి గుమ్మం ముందు వేస్తాం. ఈ మోత కూడా నా నడుము మీదికే వస్తుందని తెలుసు. ఈసారికి ఫిర్యాదు లేదు.

ఇక ఒకటో తేదీ సాయంత్రం ఆరింటికి వదినగారు భుజాన తువాలు వేసుకుని బయలుదేరుతారు. ఎనిమిదింటికి వస్తానంటారు, కొత్తలో స్నేహితురాళ్ళతో మాటల్లో పడి ఎనిమిదిన్నర అవుతుంది. ఆ సమయమంతా మన బెంచీ సారు, మరొక చోటికి వెళ్ళే వీలులేక, గుమ్మం ముందు బెంచీ మీద కూర్చుని వీధి మలుపు వైపు చూస్తూ ఉంటారు. ఆయన సరిచేసి రాయించిన తీర్మానం ప్రకారం ఆ కాలమంతా సేవాకాలంగానే పరిగణింపబడుతుందని, మూడవ తాళంచెవి నాటి నుంచి వదినగారు చేసిన సేవ కూడా అందులోనే కలుస్తుందని, పింఛను విభాగం తరఫున ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను. ఆ దంపతులు సంపూర్ణ ఆరోగ్యంతో, చేతికి చెయ్యి ఆసరాగా, ఆ బెంచీ మీద చిరకాలం పక్కపక్కన కూర్చోవాలని, వారి ఈ కొత్త సర్వీసుకు వయోపరిమితి అనేదే ఉండకూడదని మనసారా కోరుకుంటున్నాం.